పాత సాఫ్ట్‌నర్ తీసేసే ముందు ఉప్పు సంచీ లెక్క చూడండి

ప్రశ్న: ఇల్లు కట్టుకున్నప్పుడు, పదకొండేళ్ల కిందట పెట్టించిన వాటర్ సాఫ్ట్‌నర్ మాది. లోపల 25 లీటర్ల రెజిన్ ఉందని అప్పటి కాగితంలో రాసి ఉంది. వారానికోసారి దానంతటదే రీజెనరేషన్ (ఉప్పునీళ్లతో రెజిన్‌ను కడిగి మళ్లీ సిద్ధం చేయడం) అయ్యేలా టైమర్ పెట్టి వెళ్లారు. నెలకు పది, పదకొండు కిలోల ఉప్పు పడుతుంది. అప్పుడు ఇంట్లో ముగ్గురం, ఇప్పుడు అయిదుగురం. ఏడాదిన్నరగా కుళాయిలకు, షవర్‌కు మళ్లీ తెల్లటి గార పడుతోంది, సబ్బు నురగ రావడం లేదు. చూడటానికి వచ్చినతను టీడీఎస్ మీటర్ ముంచి, “లోపలికి 900, బయటికీ 900. మిషన్ పోయింది. వంద లీటర్లది పెట్టించుకోండి, ఇరవై ఏళ్లు మళ్లీ చూడక్కర్లేదు” అన్నాడు. బోరు నీళ్లు ల్యాబుకిస్తే హార్డ్‌నెస్ 480, ఐరన్ 0.3 అని వచ్చింది. మొత్తం మార్చాలా, రెజిన్ ఒక్కటి మారిస్తే చాలా? మారిస్తే ఎంత సైజు? ఇంకో మాట, మా మామగారికి బీపీ. ఈ నీళ్లు ఆయన తాగొచ్చా?

సమాధానం: అమ్మా, మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నెలకు పది, పదకొండు కిలోల ఉప్పు. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఆ వాక్యంలోనే ఉంది. అక్కడికి వస్తాను గానీ, ముందు, నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే ఆ టీడీఎస్ మీటర్ సంగతి తేల్చేద్దాం.

సాఫ్ట్‌నర్ నీళ్లలోంచి దేన్నీ తీసి పారేయదు. మార్పిడి చేస్తుంది, అంతే. లోపలున్న రెజిన్ అంటే ఆవగింజ కన్నా చిన్న ప్లాస్టిక్ పూసలు. ఒక్కో పూసకు బోలెడంత సోడియం అంటుకుని ఉంటుంది. నీళ్లు వాటి మధ్య నుంచి దిగుతున్నప్పుడు కాల్షియం, మెగ్నీషియం (హార్డ్‌నెస్ అంటే ఇవే) పూసకు పట్టుకుంటాయి, వాటి బదులు సోడియం నీళ్లలోకి దిగుతుంది. బరువులో చూస్తే 40 గ్రాముల కాల్షియం పోయి 46 గ్రాముల సోడియం వస్తుంది. అంటే టీడీఎస్ తగ్గకపోగా ఓ పిసరు పెరగాలి. 900 లోపలికి వెళ్లి 900 బయటికి రావడం బాగా పనిచేస్తున్న సాఫ్ట్‌నర్‌లోనూ కనిపించేదే. ఆ మీటర్‌తో తీర్పు చెప్పాలంటే లోకంలో ఉన్న మంచి సాఫ్ట్‌నర్లన్నీ పాడైపోయినట్టే. ఈ మార్పిడిని మొదట చూసింది కూడా నీళ్ల మిషన్లవాళ్లు కారు. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో హెచ్. ఎస్. థాంప్సన్ అనే వ్యవసాయదారుడు అమ్మోనియం సల్ఫేట్ కలిపిన నీళ్లను మట్టిలోంచి వడకడితే అడుగున కాల్షియం సల్ఫేట్ వచ్చింది. మట్టి ఒకదాన్ని ఉంచుకుని ఇంకోదాన్ని వదిలింది. మీ డబ్బాలో జరిగేదీ అదే.

మరి మిషన్ పనిచేస్తోందో లేదో దేనితో చూడాలి? హార్డ్‌నెస్ టెస్ట్ కిట్‌తో. చిన్న సీసాలో నీళ్లు పోసి, రంగు మందు కలిపి, చుక్కలు లెక్కపెడుతూ వేసే రకం. నీళ్లు ముందు ఎర్రగా అవుతాయి, ఎన్నో చుక్కకు నీలంగా మారాయో అదే లెక్క. మొదటి చుక్కకు ముందే నీలంగా ఉంటే హార్డ్‌నెస్ లేదన్నమాట. కిట్ దొరికేలోపు చేతిలో ఉన్న పద్ధతి కూడా ఒకటుంది. మూతున్న గాజు సీసాలో సగం నీళ్లు పోసి, స్నానపు సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా గిలక్కొట్టండి. నురగ నిలిచి, కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తటి నీళ్లు. నురగ రాకుండా పాలవిరుగుడులా తెల్లగా తేలితే గట్టి నీళ్లు. బట్టల పొడి, షాంపూ మాత్రం వాడకండి, అవి గట్టి నీళ్లలోనూ నురగనిచ్చి మోసం చేస్తాయి.

ఇక ఉప్పు.

ల్యాబు వాళ్లిచ్చిన 480 అంటే లీటరు నీళ్లలో 480 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. 180 దాటితేనే చాలా గట్టి నీళ్లంటారు, మీవి దానికి రెండున్నర రెట్లకు పైనే. ఐరన్ కూడా పూసల మీద చోటు తినేస్తుంది కాబట్టి ఒక మిల్లీగ్రాము ఐరన్‌కు 70 నుంచి 85 దాకా హార్డ్‌నెస్ కలుపుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ల అలవాటు. మీ 0.3కి ఓ ఇరవై కలిపితే సరిగ్గా 500. గుర్తుపెట్టుకోవడానికీ బాగుంది. మనిషికి రోజుకు 120 లీటర్లు అనుకుందాం. అయిదుగురికి 600 లీటర్లు. లీటరుకు అర గ్రాము చొప్పున రోజుకు 300 గ్రాముల హార్డ్‌నెస్ మీ మిషన్ పట్టుకోవాలి. నెలకు తొమ్మిది కిలోలు.

తొమ్మిది కిలోల హార్డ్‌నెస్‌ను పూసల మీంచి విడిపించడానికి, ఒక్క గింజ ఉప్పు కూడా వృథా పోదనుకున్నా, రసాయనశాస్త్రం లెక్క ప్రకారం పదిన్నర కిలోల ఉప్పు కావాలి. అది కాగితం మీద లెక్క. నిజంలో ఏ మిషనూ దాని దరిదాపుల్లోకి రాదు. బాగా పొదుపుగా నడిచేదైనా దానికి రెట్టింపు, అంటే ఇరవై కిలోలు తీసుకుంటుంది. మీరు వేస్తున్నది పది, పదకొండు. సగం ఉప్పు వేస్తే సగం నీళ్లే మెత్తబడతాయి, మిగతా సగం గట్టిగానే షవర్‌లోకి వస్తాయి. దీనికి రెజిన్ చచ్చిపోవాల్సిన పని లేదు. వంద లీటర్ల మిషన్ పెట్టించుకుని అందులోనూ నెలకు పది కిలోలే వేస్తే, మొదట్లో కొన్నాళ్లు కొత్త రెజిన్ ధర్మమా అని బాగుంటుంది, తర్వాత కథ మళ్లీ ఇదే. రెజిన్ అన్నది హార్డ్‌నెస్‌కు విడిదిల్లు లాంటిది. ఎంత పెద్దది కట్టినా, వచ్చినవాళ్లను ఖాళీ చేయించేది ఉప్పే.

అసలేం జరిగిందో ఇప్పుడు చూడండి. వారానికి రెండున్నర కిలోల ఉప్పు పడుతోంది మీకు. 25 లీటర్ల రెజిన్‌కు అది లీటరుకు 100 గ్రాములు, చాలా పొదుపైన మోతాదు. మంచి రెజిన్‌కు అంత ఉప్పిస్తే లీటరుకు సుమారు 45 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. మొత్తం 1,125 గ్రాములు. మీరు ముగ్గురున్నప్పుడు రోజుకు 360 లీటర్లు, 180 గ్రాములు. ఆరు రోజులు దాటి నడిచేది. ఏడో రోజు నీళ్లు కాస్త గట్టిపడినా ఎవరూ పట్టించుకుని ఉండరు. ఇప్పుడు రోజుకు 300 గ్రాములు. నాలుగో రోజు సాయంత్రానికల్లా అయిపోతుంది. మిగిలిన మూడు రోజులు మీ నీళ్లు సాఫ్ట్‌నర్‌లోంచి వస్తున్నాయన్న మాటే గానీ బోరు నీళ్లే. ఇంట్లో మనుషులు పెరిగారు, ఆ సంగతి టైమర్‌కు ఎవరూ చెప్పలేదు!

నేనిది రుజువైనట్టు చెప్పడం లేదు. పదకొండేళ్ల మిషన్‌లో ఇంకా చాలా పాడై ఉండొచ్చు. కాకపోతే పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే దారి ఉంది కాబట్టి ముందు ఆ దారిన వెళ్దామంటున్నాను. ఈ రాత్రి చేత్తో రీజెనరేషన్ పెట్టండి. మర్నాడు పొద్దున్న సాఫ్ట్‌నర్ పక్కన ఉండే కుళాయి నుంచి, కాస్సేపు నీళ్లు వదిలాక, టెస్ట్ చేయండి. మేడ మీద ట్యాంకు కుళాయి వద్దు, అందులో నిన్నటి నీళ్లు కలిసి ఉంటాయి. తర్వాత రోజూ అదే వేళకు ఒకసారి చూసి కేలండర్ మీద రాసి పెట్టుకోండి. ఏ రోజు నుంచి హార్డ్‌నెస్ కనబడుతోందన్నదే మొత్తం కథ చెబుతుంది.

మూడు రోజులు బాగా ఉండి నాలుగో రోజున గట్టిపడితే మిషన్ నిక్షేపంగా ఉన్నట్టు. టైమర్‌ను మూడు రోజులకోసారి అయ్యేలా మార్చండి. ఉప్పు నెలకు పాతిక కిలోల దాకా పెరుగుతుంది, అది తప్పదు. అంతటితో మీ సమస్య తీరిపోయినా నాకు ఆశ్చర్యం లేదు.

ఒకటి, రెండు రోజులకే గట్టిపడితే రెజిన్ నీరసించిందనైనా అనుకోవాలి, లేదా ఉప్పు సరిగా ఎక్కడం లేదనైనా అనుకోవాలి. రీజెనరేషన్ అయిన పొద్దున్నే గట్టిగా ఉంటే మాత్రం రెజిన్‌ను తప్పుపట్టే ముందు వేరే చోట్ల వెతకాలి. ముందుగా చూడాల్సింది బైపాస్ వాల్వ్, అంటే నీళ్లను మిషన్‌లోకి పోనీకుండా పక్కనుంచి పంపేది. నవ్వకండి, పూర్తిగా మూయని బైపాస్ వల్ల మిషన్ మార్చుకున్న ఇళ్లు నాకు తెలుసు. తర్వాత ఉప్పు డబ్బా. పైన ఉప్పు గడ్డకట్టి కప్పులా నిలబడిపోయి, కింద అంతా డొల్లగా, నీళ్లకు ఉప్పు తగలకుండా ఉంటుంది ఒక్కోసారి. పైనుంచి చూస్తే డబ్బా నిండుగానే కనిపిస్తుంది. చీపురు కర్ర తిరగేసి మెల్లిగా పొడిచి చూస్తే తెలిసిపోతుంది. అదీ బాగుంటే రీజెనరేషన్‌కు ముందు డబ్బాలో నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. బ్యాక్‌వాష్, అంటే కింది నుంచి పైకి నీళ్లు తోసి పూసలను కడగడం, పది నిమిషాలు అయ్యాక మిషన్ ఉప్పునీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది. ఆ మట్టం కళ్లముందే దిగాలి. దిగకపోతే ఉప్పు పూసల దాకా వెళ్లడం లేదు. ఇంజెక్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది మిషన్‌ను నడిపించే అసలు వాల్వ్‌లో, దాని సన్న రంధ్రంలో ఇసుక నలుసు అడ్డుపడితే చాలు. లేదా ఉప్పు డబ్బా నుంచి వచ్చే సన్న పైపు బిగింపులో గాలి పీలుస్తుంటుంది, డ్రెయిన్ పైపు ఎక్కడో నలిగి ఉంటుంది.

ప్రెషర్ సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంజెక్టర్ ఉప్పునీళ్లను లాగాలంటే చాలా వాల్వులకు ఒకటిన్నర, రెండు బార్ ప్రెషర్ కావాలి. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చేది ఒక బార్. మీ సాఫ్ట్‌నర్‌కు నీళ్లు మేడ మీద ట్యాంకు నుంచి ఊరికే కిందికి జారి వస్తున్నాయా, పంపుతో వస్తున్నాయా అన్నది మీరు రాయలేదు. జారి వచ్చేవైతే, మధ్యలో ఎప్పుడో ప్రెషర్ పంపు తీసేసి ఉంటే, అనుమానం ముందు దాని మీదే పెట్టుకోండి.

పీల్చడం బాగుంది, అయినా ఒకటి రెండు రోజులకు మించి నిలవడం లేదంటే అప్పుడు రెజిన్ తీసి చూడాలి. మంచి పూసలు గుండ్రంగా, తేనె రంగులో ఉంటాయి, వేళ్ల మధ్య నలిపితే గట్టిగా జారిపోతాయి. క్లోరిన్ తిన్న పూసలు ఉబ్బి మెత్తబడి నలిగిపోతాయి. వాటితో నీళ్ల ధార కూడా సన్నబడుతుంది. మీది బోరు నీళ్లు, క్లోరిన్ కలపకపోతే ఆ భయం తక్కువ. మీకు రావాల్సింది ఐరన్ జబ్బు. పూసలు ఎర్రమట్టిలో దొర్లినట్టు అయిపోతాయి. కొద్దిగా పడితే రెజిన్ క్లీనర్‌తో కడగొచ్చు, లోపలిదాకా పడితే మార్చడమే. మామూలుగా రెజిన్ పది, పదిహేనేళ్లు వస్తుంది, కాబట్టి మీది మార్చాల్సి వచ్చినా ఎవరినీ తప్పుపట్టేదేం లేదు.

రెజిన్ ఒక్కటే మార్చుకోవచ్చా అంటే, నిక్షేపంగా. రెజిన్ ఉండే ఫైబర్ ట్యాంకు పగలకుండా, వాల్వ్ తన పని తాను చేస్తూ ఉంటే మొత్తం పారేయడం అన్యాయం. వాల్వ్‌లో సీళ్లు అరిగి ఉంటాయి, ఆ కిట్ కూడా అప్పుడే వేయించండి. నీళ్లు ఆగకుండా డ్రెయిన్‌లోకి ఎప్పుడూ సన్నగా కారుతుంటే సీళ్లు పోయినట్టే. రెజిన్ పోసేటప్పుడు మధ్యలో నిలబడి ఉండే పైపు మూతి టేపుతో మూయాలి. ఈ ముక్క నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మొదటిసారి మా ఇంట్లో నేనే పోసుకున్నప్పుడు ఆ పైపు మూయడం మరిచిపోయాను. పూసలు అందులోంచి దూరి ఇంట్లో ప్రతి కుళాయిలోకీ, వాషింగ్ మెషీన్ జల్లెడలోకీ, షవర్ చిల్లుల్లోకీ చేరాయి. సూది పెట్టుకుని రెండు రోజులు తీశాను. ఇంకో జాగ్రత్త, ట్యాంకు మెడ దాకా రెజిన్ నింపకూడదు. పైన మూడో వంతు ఖాళీగా ఉండాలి. బ్యాక్‌వాష్‌లో పూసలు పైకి లేచి విడివిడిగా తేలితేనే మట్టి కొట్టుకుపోతుంది. “కాస్త ఎక్కువ పోద్దాం” అనేవాళ్లు మీకు మేలు చేస్తున్నామనుకుంటారు గానీ, లేవడానికి చోటు లేక పూసలు డ్రెయిన్‌లోకే పోతాయి.

సరే, అన్నీ చూశాక ఎలాగూ కొత్తది కొందామనే అనుకున్నారనుకోండి. అది తప్పేం కాదు, పదకొండేళ్ల టైమర్ వాల్వ్ వదిలించుకోవడానికి మంచి కారణాలే ఉన్నాయి. అప్పుడు సైజు ఎంత?

అమ్మేవాళ్లు చెప్పే అంకెలో ఒక కిటుకు ఉంది. అదే రెజిన్‌కు ఉప్పు ఎక్కువ పోస్తే ఎక్కువ పట్టుకుంటుంది. లీటరు రెజిన్‌కు 100 గ్రాముల ఉప్పిస్తే 45 గ్రాముల హార్డ్‌నెస్ అన్నాను కదా. 240 గ్రాములిస్తే 68 దాకా వెళ్తుంది. ఉప్పు దాదాపు రెండున్నర రెట్లు, పని ఒకటిన్నర రెట్లు. డబ్బా మీద వేసే అంకె ఎప్పుడూ ఆ రెండోదే, ఎందుకంటే పెద్దగా కనబడుతుంది. గ్రెయిన్లలో రాసి ఉంటే ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాములు అనుకుని మార్చుకోండి. 32,000 గ్రెయిన్లంటే సుమారు 2,070 గ్రాములు, అదీ పూర్తి మోతాదు ఉప్పు పోస్తే. పొదుపుగా నడపాలంటే అందులో మూడింట రెండు వంతులే మీది.

కాబట్టి చిన్న మిషన్ కొని, దాన్ని ఉప్పుతో కొట్టి కొట్టి నడపడం ఒక పద్ధతి. మీ 25 లీటర్లను అలా నడిపితే 1,700 గ్రాములు, అయిదున్నర రోజులు వస్తుంది, నెలకు 32 కిలోల ఉప్పు మింగుతుంది. చూశారా, పూర్తి మోతాదు పోసినా వారం రాలేదు! సరికొత్త రెజిన్ అయినా రాదు. కొంచెం పెద్దది కొని తక్కువ ఉప్పుతో నడపడం రెండో పద్ధతి. 40, 42 లీటర్ల రెజిన్‌కు 45 చొప్పున సుమారు 1,850 గ్రాములు, ఆరు రోజులు. ఒక రోజు నిల్వ ఉంచుకుని అయిదు రోజులకోసారి రీజెనరేషన్. ఒక్కోసారికి నాలుగు కిలోలు, నెలకు ఇరవై నాలుగు. అదే నీళ్లు, అదే మెత్తదనం, నెలకు ఏడెనిమిది కిలోల ఉప్పు మిగులు. మీ ఇంటికి నా ఓటు దీనికే. పది అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు ఉండే ట్యాంకులో ఈ రెజిన్ సుఖంగా పడుతుంది.

వాల్వ్ మాత్రం మీటర్ ఉన్నదే తీసుకోండి. రోజులు లెక్కపెట్టే టైమర్ మీరు ఊరెళ్లినా ఉప్పు పోస్తుంది, ఇంటికి పదిమంది చుట్టాలొచ్చినా వారం దాకా కదలదు. మీటర్ వాల్వ్ తన గుండా వెళ్లిన లీటర్లు లెక్కపెట్టి, నిండినప్పుడే కడుగుతుంది. మీకు ఈ తిప్పలు వచ్చింది బహుశా ఆ తేడా వల్లే. మోతాదు ఎంత పెట్టారో బిగించేవాళ్లను అడిగి, మిషన్ మీదే ఒక కాగితం అంటించమనండి: హార్డ్‌నెస్ ఇంత, ఒకసారికి ఉప్పు ఇంత, ఎన్ని లీటర్లకు రీజెనరేషన్. లోపల ఫ్యాక్టరీ పెట్టిన అంకెలను ఎవరూ మార్చకుండా వదిలేసిన మిషన్లు చాలా ఉంటాయి.

వంద లీటర్లది ఎందుకు వద్దంటున్నానో చెప్పకపోతే మీరు మళ్లీ అతని మాటకే వెళ్తారు. పొదుపు మోతాదులో అది 4,500 గ్రాములు పట్టుకుంటుంది. మీకు పదిహేను రోజులు. వినడానికి బాగానే ఉంది. పదిహేను రోజుల పాటు బ్యాక్‌వాష్ లేకుండా నిలవుంటే మీ నీళ్లలోని ఐరన్ పూసల మీద స్థిరపడిపోతుంది, తడి పూసల మధ్య సూక్ష్మజీవులకూ తీరిక దొరుకుతుంది. ఐరన్ ఉన్న నీళ్లకు వారం దాటనివ్వకపోవడం మంచిది. రెండోది, అంత వెడల్పు ట్యాంకులో పూసలను పైకి లేపాలంటే నిమిషానికి ఇరవై లీటర్లు, ఆ పైనే ధార కావాలి. పది అంగుళాల ట్యాంకుకు తొమ్మిది, పది లీటర్లు చాలు. మీ పంపు ఆ ధార ఇవ్వలేకపోతే బ్యాక్‌వాష్ పేరుకే జరుగుతుంది, రెజిన్ అడుగున గడ్డకడుతుంది. మూడోది, వెడల్పు ట్యాంకులో సన్నటి ధార వెళ్తుంటే నీళ్లు రెజిన్ అంతటా పరుచుకోకుండా తేలికైన దారి ఒకటి చూసుకుని దిగిపోతాయి. పెద్దది కొన్నా అందులో కొంత రెజిన్ ఊరికే కూర్చుంటుంది.

ధార గురించే ఇంకొక్క మాట. పూసల మధ్య నీళ్లు కాస్త నిలిచి వెళ్లాలి. గంటకు రెజిన్ లీటర్లకు నలభై రెట్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. 42 లీటర్ల రెజిన్‌కు నిమిషానికి 28 లీటర్లు, అంటే రెండు షవర్లు, ఒక కుళాయి ఒకేసారి తిప్పినా ఇబ్బంది లేదు. కానీ సాఫ్ట్‌నర్‌ను బోరు పంపుకూ మేడ మీద ట్యాంకుకూ మధ్య బిగించారనుకోండి, అప్పుడు షవర్ల లెక్క పనికిరాదు, పంపు ఎంత వేగంగా తోస్తే అంత వేగం. నిమిషానికి అరవై లీటర్లు తోసే పంపు మీ మిషన్‌లోంచి నీళ్లను పరుగెత్తించేస్తుంది. బకెట్టు పెట్టి, గడియారం పెట్టి ఆ ధార ఒకసారి కొలవండి. ఎక్కువ ఉంటే ట్యాంకు తర్వాత, ప్రెషర్ పంపుతో పెట్టించుకోవడం మేలు.

రోజుకు 600 లీటర్లు అన్నది నా ఊహ అని మరిచిపోకండి. నీళ్ల మీటర్ ఉంటే వారం రీడింగ్ తీసి ఏడుతో భాగించండి. లేకపోతే ట్యాంకు నిండుగా నింపి, పంపు ఆపి, ఎన్ని గంటలకు సగానికి దిగిందో చూడండి. మీకు 800 వస్తే నా 42 లీటర్లు చిన్నదవుతుంది, 55, 60 చూసుకోవాలి. మొక్కల పైపు, వీలైతే ఫ్లష్ లైను సాఫ్ట్‌నర్‌కు ముందే వేరుచేస్తే లెక్క చాలా తగ్గుతుంది. మొక్కలకైతే ఈ నీళ్లు అసలు పోయకూడదు, సోడియం మట్టిని బిగదీసేస్తుంది. రీజెనరేషన్‌లో వచ్చే డ్రెయిన్ నీళ్లు ఇంకా ఘోరం, వాటిని చెట్టు మొదట్లోకి వదిలితే చెట్టు మీద ఆశ వదులుకోవాలి. ఆ డ్రెయిన్ పైపు చివర నీళ్లలో మునగకుండా, కాస్త ఎత్తులో గాలి ఆడేలా ఉంచండి, లేకపోతే మురుగు వెనక్కి పీల్చే ప్రమాదం ఉంది.

మీ మామగారి సంగతి. ప్రతి 100 హార్డ్‌నెస్‌కు లీటరులో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మీ 480కి అది 220, నీళ్లలో సహజంగా ఉన్న సోడియం కాక. రోజుకు రెండు లీటర్లు తాగితే 440 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో అయిదో వంతు పైగా నీళ్లతోనే వెళ్లిపోతే, బీపీ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఆయనకు ఈ నీళ్లు ఇవ్వకండి. సాఫ్ట్‌నర్ తర్వాత ఆర్‌ఓ ఉంటే సోడియం చాలా వరకు అక్కడ పోతుంది, పైగా మెత్తటి నీళ్లు వెళ్తే ఆర్‌ఓ మెంబ్రేన్‌కు గార పట్టదు. ఆర్‌ఓ లేకపోతే తాగే కుళాయికి సాఫ్ట్‌నర్ ముందు నుంచే వేరే లైను లాగించండి, ల్యాబు రిపోర్టులో మిగతావన్నీ తాగడానికి తగ్గట్టు ఉంటేనే సుమా. కాల్షియం, మెగ్నీషియం కుళాయికి శత్రువులు గానీ మనిషికి కావు. ఎవరైనా “సోడియం భయమైతే ఉప్పు బదులు పొటాషియం క్లోరైడ్ వాడండి” అంటే, ఆయన వేసుకునే బీపీ మందులు డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండి. కొన్ని బీపీ మందులు ఒంట్లో పొటాషియం నిలవుండేలా చేస్తాయి, కిడ్నీలు బలహీనంగా ఉంటే అది ఇంకా ప్రమాదం.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఈ రాత్రి రీజెనరేషన్ పెట్టడం, రేపటి నుంచి కేలండర్ మీద అంకె రాయడం. వంద లీటర్ల అతనికి వారం ఆగమని చెప్పండి. ఎన్నో రోజున నీళ్లు గట్టిపడ్డాయో, రోజుకు ఎన్ని లీటర్లు తేలిందో, సాఫ్ట్‌నర్‌కు నీళ్లు పంపుతో వస్తున్నాయో ట్యాంకు నుంచి జారుతున్నాయో ఆ మూడూ రాసి పంపితే, రెజిన్ తీయించాలా వద్దా అన్నది అప్పుడు చెబుతాను.